నేను టైపు చేయని వాక్యం

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పాథాలజీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు రిపోర్టులు టైపు చేశాను. పాథాలజీ అంటే ఏమిటని మా చర్చిలో వాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. ఒంట్లో ఎక్కడైనా గడ్డ ఉంటే అందులోంచి సూదితో కాస్త తీస్తారు, పుండు ఉంటే చిన్న ముక్క కోస్తారు. దాన్ని గాజుపలక మీద పెట్టి, రంగు వేసి, డాక్టరు మైక్రోస్కోపులో చూస్తాడు. చూసింది చిన్న రికార్డర్‌లో చెబుతాడు. ఆ మాటలు చెవిలో పెట్టుకుని విని, కాగితం మీద పెట్టడం నా పని. డాక్టరు సంతకం చేశాక ఆ కాగితం ఒక మనిషి ఇంటికి వెళుతుంది. అక్కడ ఏం జరుగుతుందో మనకి తెలియదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు నన్ను స్పీడు గురించి అడుగుతారు. స్పీడు ఆరు నెలల్లో వస్తుంది. నేను రాయదలుచుకున్నది దాని గురించి కాదు. జీతాల గురించి, సీనియారిటీ గురించి కూడా కాదు. రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు ఏడు వారాల పాటు నా బుర్ర నాది కాదేమో అనుకున్నాను. ఆ ఏడు వారాల్లో నేర్చుకున్నంత, అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్ళలోనూ నేర్చుకోలేదు.

వేలు పెట్టి చదవడం

నేను చేరినప్పుడు ల్యాబు నడిపింది డాక్టర్ సరోజ గారు. మాట కటువు. టైపు మిషన్ మీద తప్పు పడితే రబ్బరుతో చెరపనిచ్చేది కాదు, కాగితం మార్చి మొదటి నుంచీ కొట్టమనేది. చెరిపిన చోటు చూస్తే పేషెంటుకి అనుమానం వస్తుందనేది. ఆ రోజుల్లో ఆవిడంటే నాకు ఒళ్ళు మంట. కానీ ఆవిడ పెట్టిన అలవాటు ఒకటి నా చేతికి అలాగే ఉండిపోయింది. టైపు అయ్యాక చివరి పేరా మీద వేలు పెట్టి, ఒక్కో మాటా పైకి చదవాలి. జబ్బు ఉందా లేదా, ఏం చేయాలి అన్నది ఉండేది ఆ చివరి పేరాలోనే. చదివేవాళ్ళు కూడా ముందు అక్కడికే వెళతారు.

కంప్యూటరు వచ్చాక తెర మీద వేలు పెడితే మరకలు పడేవి. అందుకని వేలు బదులు మౌసు వాడేదాన్ని. చివరి వాక్యం మీద మౌసు లాగితే ఆ వరుస రంగు మారి వేరుగా కనిపిస్తుంది. అప్పుడు పైకి చదివేదాన్ని. అంత జాగ్రత్తగా చేసేదాన్నని నాకు గర్వంగా కూడా ఉండేది.

సరోజ గారు వెళ్ళిపోయాక డాక్టర్ ప్రభాకర్ గారు వచ్చారు. ఆవిడకి పూర్తిగా ఎదురు మనిషి. మెత్తని మాట, అందరినీ మీరు అంటారు, టైపిస్టుని ఎప్పుడూ అనుమానించరు. అలాంటి బాసు దొరకడం అదృష్టమని అందరూ అనేవాళ్ళు. ఇప్పుడు నిజం చెప్పాలంటే, అనుమానించని బాసు దగ్గర పని చేయడం కష్టం. ఆయన నా మీద నమ్మకంతో కాగితాలు చదవకుండానే సంతకం చేసేవారు. నేనూ దాన్ని గౌరవం అనే అనుకున్నాను.

కొత్త తెర

ఒకరోజు పొద్దున ల్యాబు తెరిచేసరికి కంప్యూటర్లో పాత రిపోర్టులు ఒక్కటీ తెరుచుకోలేదు. పేర్లు ఉన్నాయి, లోపల అంతా పిచ్చి గీతలు. ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ వచ్చిందన్నారు. కంప్యూటర్లు చూసే కిశోర్ గారు వచ్చి, ఈ పాత సిస్టమ్‌కి ఇక కాలం చెల్లిపోయింది, లినక్స్ అని వేరే సిస్టమ్ వేస్తాను, దానికి ఈ వైరస్‌ల గొడవ ఉండదు అన్నారు. ప్రభాకర్ గారు సరే అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

ఆ మర్నాడు నా కుర్చీలో నేనే కూర్చున్నాను గానీ ఎదురుగా ఉన్నది నా కంప్యూటరు కాదు. కింద ఉండాల్సిన పట్టీ పైన ఉంది. ఎడమ పక్క నిలువుగా బొమ్మలు. స్టార్ట్ అన్న మాట ఎక్కడా లేదు. రిపోర్టులన్నీ ఎప్పుడూ డి డ్రైవ్‌లో పెట్టేదాన్ని. డి డ్రైవ్ ఏదండి అని అడిగితే, ఇందులో అలాంటివి ఉండవండి, హోమ్ ఉంటుంది అన్నారు కిశోర్ గారు. నాకు ఇంటి సంగతి ఎందుకు చెబుతున్నారో ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయన గంటసేపు ఉండి, పాత దానిలాగే అండి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది అని వెళ్ళిపోయారు.

పాత దానిలాగే కనిపించడమే అసలు చిక్కు. పూర్తిగా వేరేగా ఉంటే కొత్తగా నేర్చుకునేదాన్ని. సగం తెలిసినట్టే ఉండి, సగం మోసం చేసేది. రెండో రోజు ఏవో రెండు మూడు మీటలు కలిపి నొక్కాను. తెరిచి ఉన్న నాలుగు రిపోర్టులూ ఒక్కసారిగా మాయమయ్యాయి. తెర ఖాళీ. పొద్దుటి నుంచి చేసిన పని. కిశోర్ గారికి ఫోన్ చేస్తే, అవి పోలేదండి, పక్క డెస్క్‌టాప్‌లో ఉన్నాయి అన్నారు. పక్కన నాకు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత తెలిసింది, ఒకే తెరలో నాలుగైదు తెరలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయట. ఎందుకు ఉండాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకోసారి ఒకే పేషెంటుకి రెండు ఫైళ్ళు దొరికాయి. ఒకదాని పేరు పెద్ద అక్షరంతో, రెండోది చిన్న అక్షరంతో. పాత సిస్టమ్‌కి రెండూ ఒకటే. దీనికి ఇద్దరు వేరే మనుషులు. ఏది సరైనదో తేల్చడానికి గంట పట్టింది.

పాత మౌసు కూడా తీసేసి కొత్తది ఇచ్చారు. దాని చక్రం బిగుతుగా ఉండేది. కాగితం కిందికి జరపాలంటే గట్టిగా నొక్కి తిప్పాల్సి వచ్చేది. అది నేను ఎవరికీ చెప్పలేదు. మౌసు గురించి కూడా ఫిర్యాదు చేస్తే, ఈవిడకి వయసైపోయింది అనుకుంటారని.

ఎవరివో మాటలు

మూడో వారంలో మొదటిసారి చూశాను. ఒకాయన పొట్టలోంచి తీసిన ముక్క రిపోర్టు. ప్రింటు తీసి చదువుతుంటే చివర ఒక వాక్యం ఉంది: థైరాయిడ్ పరీక్ష చేయించాలి. పొట్టకీ థైరాయిడ్‌కీ సంబంధం ఏమిటని రికార్డింగు మళ్ళీ విన్నాను. డాక్టరు గారు ఆ మాట అనలేదు. అంతకుముందు టైపు చేసిన ఇంకొకావిడ రిపోర్టులోది అది. తీసేసి, మళ్ళీ ప్రింటు తీశాను. ఆ మాట నేనే పొరపాటున కొట్టి ఉంటానని సరిపెట్టుకున్నాను.

(రిపోర్టులు ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడ అందరికీ తెలిసేలా అర్థం మాత్రం రాస్తున్నాను.)

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ. ఈసారి ఒకరి రిపోర్టు కింద ఇంకొకరి సగం వాక్యం. నేను టైపు చేసిన గుర్తు లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నా వేళ్ళు ఏం చేస్తున్నాయో నాకు తెలుసు. తప్పు అక్షరం పడితే చూడకుండానే తెలిసేది. ఇప్పుడు ఏకంగా ఒక వాక్యం నా ముందు కూర్చుని ఉంటే, అది ఎప్పుడు వచ్చిందో తెలియడం లేదు.

అప్పుడే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చివరి మూడేళ్ళూ నన్ను మా పెద్దమ్మ పేరుతో పిలిచింది. మొదట్లో చిన్న చిన్న తేడాలే. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, నేను వేయలేదే అని గట్టిగా వాదించేది. నేను కూడా ఇప్పుడు అలాగే వాదిస్తున్నానా అనిపించింది. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుని, నాకు కంఠస్థం వచ్చిన కీర్తనలు వరసగా చెప్పుకుని చూసుకున్నాను, ఎక్కడైనా ఆగుతానేమోనని. ఆగలేదు. అయినా భయం తగ్గలేదు. ఇంట్లో మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన ఉద్యోగం మానేయమంటారు. మానేస్తే, అది నిజమని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది.

డాక్టరు గారితో మాత్రం ఒకసారి అన్నాను, రిపోర్టుల్లో ఏవో అదనపు మాటలు వస్తున్నాయండి అని. ఆయన నా వైపు జాలిగా చూశారు. కొత్త సిస్టమ్ కదండీ, కొంచెం నిదానంగా చేయండి అన్నారు. ఆ జాలి చూశాక ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ఇక్కడ నేను చేసిన తప్పు ఇది: నోరు మూసుకున్నాను. ప్రతి కాగితం రెండుసార్లు చదవడం మొదలుపెట్టాను గానీ, ఆ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవాలని అనుకోలేదు. తెలుసుకుంటే అది నా బుర్రే అని తేలుతుందేమోనని.

హనుమాన్ జంక్షన్ ఫోను

ఏడో వారంలో హనుమాన్ జంక్షన్ నుంచి ఒక సర్జన్ గారు ఫోన్ చేశారు. నాగరత్నం అనే ఆవిడ మెడ మీద గడ్డకి మా ల్యాబులో సూది పరీక్ష చేశారు. మీ రిపోర్టులో పైన చెడ్డ కణాలు లేవు అని ఉంది, కింద ఆపరేషన్ చేసి గడ్డ తీసేయాలి అని ఉంది, ఏది నమ్మమంటారు అని ఆయన అడిగారు. ఆవిడకి నాలుగు రోజుల క్రితమే ఆపరేషన్ అని చెప్పామనీ, రేపు చేర్చుకోవాలనీ, ఒకసారి అడుగుదామని ఫోన్ చేశాననీ అన్నారు.

రికార్డింగు విన్నాం. ఆపరేషన్ మాట నాగరత్నంది కాదు. అదే రోజు పరీక్షించిన ఇంకొకరిది. ఆ అసలు మనిషి రిపోర్టులో ఆ మాట ఉండాల్సిన చోట ఉంది. నాగరత్నం కాగితంలో అదనంగా వచ్చింది. రెండుసార్లు చదివే నేను ఆ రోజు ఎందుకు చూడలేదో తెలియదు. చదివాక వచ్చిందేమో. కింద ప్రభాకర్ గారి సంతకం ఉంది.

ఆయన మొహం పాలిపోయింది. సవరించిన రిపోర్టు వాట్సాప్‌లో పంపిద్దాం అన్నారు. నేను వెళ్ళి ఇస్తానండి అన్నాను. అవసరం లేదన్నారు. అవసరం నాకు ఉందండి అన్నాను. ఆయనతో అలా మాట్లాడడం అదే మొదటిసారి.

నాగరత్నం కొల్లేటి వైపు ఊరి మనిషి. హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్క చేపలు అమ్ముతుంది. సర్జన్ గారి ఆసుపత్రిలో అడిగితే ఎక్కడ కూర్చుంటుందో చెప్పారు. కత్తిపీట ముందు పీట వేసుకుని, కొర్రమీను పొలుసు తీస్తోంది. యాభై దాటి ఉంటాయి. మెడకి తువ్వాలు చుట్టుకుంది. నేను పేరు చెప్పి, విజయవాడ ల్యాబు నుంచి వచ్చానని చెప్పాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. ఆపరేషన్ అక్కర్లేదండి, అది పొరపాటు, గడ్డ మామూలుదే, మందులతో తగ్గుతుంది అని కాగితం ఇచ్చాను. ఆవిడ దాన్ని చూడలేదు. నన్ను చూసింది.

"ఆపరేషను మాట ఎవరు రాశారమ్మా?"

"నేనేనండి."

"ఎందుకు రాశావు?"

"నేను రాయలేదండి. కానీ నా చేతి కిందే వచ్చింది. ఎట్లా వచ్చిందో నాకు తెలీదు."

"రాశానంటావు, రాయలేదంటావు. నాకేం అర్థం కావట్లేదు."

నాకూ అర్థం కావడం లేదని చెప్పాను. ఆవిడ మెడ మీది తువ్వాలు సర్దుకుంది. నాలుగు రోజులుగా మొగుడికి ఈ సంగతి చెప్పలేదట, ఆయన గుండె మంచిది కాదట. ఏలూరులో ఉన్న కూతుర్ని మాత్రం పిలిపించి, నగలు ఏవి ఎవరికో, చేపల తావు ఎవరు చూసుకోవాలో చెప్పిందట. కూతురు రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఇవన్నీ కోపం లేకుండా, వరసగా చెప్పింది. కోప్పడితే నాకు సుఖంగా ఉండేది. నేను చేతులు జోడించాను.

"దండాలు ఎందుకులే అమ్మా," అంది. "అదెట్టా వచ్చిందో తెలుసుకో. తెలుసుకోకపోతే రేపు ఇంకోళ్ళకి వస్తది. అక్కడ మా డాక్టరు లాంటోడు ఉంటాడో లేదో, ఫోన్ చేసి అడగడానికి."

ఒక బేరం వచ్చింది. ఆవిడ మళ్ళీ కత్తిపీట దగ్గర కూర్చుంది. నేను బస్సెక్కాను. గన్నవరం దాటాక గానీ నాకు ఒక సంగతి తట్టలేదు. ఇన్ని వారాలూ నాకేమైంది అని అడుగుతున్నాను. ఇది ఎలా వచ్చింది అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రెండూ వేరే ప్రశ్నలు.

చక్రం

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక కూర్చున్నాను. రెండు ఉత్తుత్తి రిపోర్టులు తెరిచాను. ఒకదాంట్లో నా పేరూ, చివరి వాక్యంలో మా ఆయన పేరూ రాశాను. రోజూ ఎలా చేస్తానో అలాగే చేయాలి, ఒక్కటి కూడా మార్చకూడదు, ఏం చేస్తున్నానో పక్కన కాగితం మీద రాసుకోవాలి అనుకున్నాను. ఇంత వయసులో నా చేతుల వెనక నేనే పోలీసులా తిరిగినట్టు ఉంది.

టైపు చేశాను. చివరి వాక్యం మీద మౌసు లాగి, రంగు మారాక పైకి చదివాను. రెండో రిపోర్టుకి వెళ్ళాను. టైపు చేశాను. కిందికి జరిపాను. ఏమీ రాలేదు. మళ్ళీ చేశాను. రాలేదు. పదిసార్లయినా చేసి ఉంటాను. ఇక లేవబోతూ, కాగితం చివరిదాకా వచ్చిందో లేదో చూద్దామని చక్రం గట్టిగా తిప్పాను. అది కిర్రుమంది. రెండో రిపోర్టు చివర, నా కళ్ళ ముందే, మా ఆయన పేరు వచ్చి కూర్చుంది.

నేను కీబోర్డు మీద చెయ్యి వేయలేదు. చెయ్యి అలాగే గాలిలో ఉంచి చూశాను. మళ్ళీ చక్రం నొక్కాను. మళ్ళీ వచ్చింది. మూడోసారీ వచ్చింది. తిప్పితే రాదు. నొక్కితే వస్తుంది. ముందు రంగు మార్చిన వాక్యం ఏదైతే, అదే వస్తుంది.

నా వేళ్ళు బాగానే ఉన్నాయి. నా బుర్ర బాగానే ఉంది. ఒక నిమిషం పాటు ఆనందపడ్డాను. ఆ తర్వాత అర్థమైంది: రంగు మార్చి చదవడం అనే ఆ జాగ్రత్తే, ఒకరి కాగితంలోంచి ప్రాణంతో సమానమైన వాక్యాన్ని ఎత్తి పట్టుకుంటోంది. బిగుసుకున్న చక్రం దాన్ని పక్క మనిషి కాగితంలో దించుతోంది. చదవని టైపిస్టు అయితే ఈ తప్పు జరిగేదే కాదు. ఇది ఎవరికైనా చెబితే నమ్ముతారా అని కూర్చుండిపోయాను.

డాక్టరు గారిని పిలిచి ఆయన చేతికే మౌసు ఇచ్చాను. ఈ వరుస మీద లాగండి, ఇప్పుడు ఆ కాగితంలోకి వెళ్ళి చక్రం నొక్కండి అన్నాను. ఆయన నొక్కారు. వాక్యం వచ్చింది. మళ్ళీ నొక్కారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరు నాకు ముందే చెప్పారు కదా," అన్నారు. "నేనే వినలేదు."

కిశోర్ గారు సాయంత్రం వచ్చారు. చూపిస్తే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. అది తప్పు కాదండీ, అదొక సదుపాయం, ఈ సిస్టమ్‌లో మొదటి నుంచీ ఉంది, కాపీ కొట్టక్కర్లేకుండా పని తొందరగా అవుతుంది అన్నారు. మాకు చెప్పలేదు కదండీ అన్నాను. ఆయన నిజంగానే తికమకపడ్డారు. అది చెప్పాల్సిన విషయమని నాకు తట్టలేదండీ, ఇరవై ఏళ్ళుగా వాడుతున్నాను, అందరికీ తెలుసనుకున్నాను అన్నారు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. నేను కూడా కొత్త అమ్మాయిలకి పని నేర్పేటప్పుడు ఎన్ని సంగతులు వదిలేసి ఉంటానో. బాగా తెలిసిన మనిషికి, ఎదుటివాళ్ళకి ఏది తెలియదో తెలియదు. అందుకని అడగాల్సింది నేర్చుకునేవాళ్ళే. వెర్రి ప్రశ్నలా అనిపించినా అడగాలి. కిశోర్ గారు పది నిమిషాల్లో ఆ సదుపాయం తీసేశారు, మౌసు మార్చారు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకా ఏమేం అర్థం కాలేదో అన్నీ చెప్పండి మేడం అన్నారు. ఆ రోజు నేను అడిగినవి వింటే ఎవరైనా నవ్వుతారు. ఆయన నవ్వలేదు.

పాత కాగితాలు

ఏడు వారాల రిపోర్టులూ మళ్ళీ చూడాలని ప్రభాకర్ గారే అన్నారు. రోజూ పొద్దున పేషెంట్లు రాకముందు గంటసేపు ఇద్దరం కూర్చునేవాళ్ళం. రికార్డర్ నిండగానే పాతవి చెరిపేస్తాం కాబట్టి, చివరి రెండు వారాల మాటలే మిగిలాయి. అంతకుముందువాటికి గాజుపలకలు తప్ప సాక్ష్యం లేదు. ఆయన తాను సంతకం చేసిన కాగితాల్ని మొదటిసారి పూర్తిగా చదవడం అప్పుడే చూశాను. ఒకదాంట్లో పక్క పేషెంటు ఊరి పేరు దొరికింది. ఇంకోదాంట్లో ఒకే వాక్యం రెండుసార్లు. ఎవరికీ హాని లేదు. ఊపిరి పీల్చుకున్నాం.

తర్వాత కొండపల్లి ఊరి సత్యనారాయణ గారి రిపోర్టు వచ్చింది. బొమ్మలకి రంగులేసే మనిషి. నాలుక పక్కన పుండు. ఒరిపిడి వల్ల వచ్చిన వాపు మాత్రమే, చెడ్డ కణాలు లేవు అని ఉంది. దాని కింద ఇంకో వాక్యం: మూడు వారాల్లో మానకపోతే మళ్ళీ ముక్క తీసి పరీక్ష చేయాలి.

ఇది నేను చెప్పానా అని డాక్టరు గారు అడిగారు. నాకు తెలియదన్నాను. అదే రోజు నోటి పుండుతో వచ్చిన ఇంకొకాయన రిపోర్టులో అచ్చం అదే వాక్యం ఉంది. అక్కడి నుంచి చక్రం తెచ్చిందో, ఇద్దరికీ ఆయనే చెప్పారో తేల్చడానికి దారి లేదు. రికార్డింగు ఎప్పుడో చెరిగిపోయింది. ఉంచాలా, తీసేయాలా అన్నాను. ఆయన ఆలోచించి, పలక తీయండి, చూసి చెబుతాను అన్నారు.

మైక్రోస్కోపు మీద వంగారు. మామూలుగా ఒక పలకకి రెండు మూడు నిమిషాలు చాలు. ఆ రోజు ఎంతసేపు చూశారో. పలకని చివరికి జరిపారు, వెనక్కి తెచ్చారు, మళ్ళీ చివరికి జరిపారు. బయట ఆటోలు వెళుతున్నాయి, రిసెప్షన్ తలుపు తీసిన చప్పుడైంది. ఆయన తల ఎత్తలేదు. మళ్ళీ నేనేదో చేశాననే అనుకున్నాను.

"కింది వాక్యం సంగతి నాకు తెలీదు సుగుణ గారూ," అన్నారు చివరికి. "పైదే తప్పు. ఈ మూల నేను చూడలేదు. చెడ్డ కణాలు ఉన్నాయి."

ఫోన్ ఆయనే చేశారు. పుండు ఇంకా మానలేదట. లోకల్ డాక్టరు రిపోర్టు చూసి భయం లేదన్నాడట, కింది వాక్యం ఆయనకి ఎవరూ చదివి చెప్పలేదట. మర్నాడు పొద్దున రైల్లో వచ్చారు. గోళ్ళ అంచుల్లో ఎర్రరంగు, పచ్చరంగు. ప్రభాకర్ గారు ఆయన్ని తన గదిలో కాదు, నా ఎదురుగా ఉన్న బల్ల దగ్గరే కూర్చోబెట్టారు.

"మొదటిసారి నేను సరిగ్గా చూడలేదండీ. తప్పు నాది. మెషీన్‌ది కాదు, టైపు చేసినావిడది కాదు."

నా ఉద్యోగంలో ఒక డాక్టరు పేషెంటుతో ఈ మాట అనడం అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. సత్యనారాయణ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. కోప్పడాలో, దండం పెట్టాలో ఆయనకి తెలిసినట్టు లేదు.

"అయితే ఇప్పుడు నేనెక్కడికి వెళ్ళాలండి?" అన్నారు.

ఎక్కడికి వెళ్ళాలో ప్రభాకర్ గారు రాసి ఇచ్చారు. అక్కడి డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడారు. కొత్త రిపోర్టు నేను టైపు చేస్తుంటే కుర్చీ వెనక నిలబడి, ఒక్కో మాటా తెర మీద చదివి, ప్రింటు తీశాక మళ్ళీ చదివి, అప్పుడు సంతకం చేశారు. ఆయనతో పాటు కిందికి దిగి ఆటో కూడా ఎక్కించి వచ్చారు.

నాలుకలో కొంత భాగం తీసేశారు. మెడలో గ్రంథులూ తీశారు. కానీ జబ్బు అంతకంటే ముందుకి పోలేదు. నేను రిటైరయ్యే ముందు ఒకసారి, తన గాజుపలకలు తీసుకెళ్ళడానికి వచ్చారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది, నెమ్మదిగా మాట్లాడుతున్నారు. మళ్ళీ రంగులేస్తున్నానని చెప్పారు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, అన్ని పలకలుండగా నాదే మళ్ళీ ఎందుకు తీసి చూశారండీ అని అడిగారు. ప్రభాకర్ గారు, ఒక వాక్యం ఎవరిదో తెలియక చూశామండీ అన్నారు. ఆయనకి అర్థం కాలేదు. మర్యాదకి తల ఊపి వెళ్ళిపోయారు.

నాకూ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. ఆ వాక్యం డాక్టరు గారు అన్నదో, చక్రం తెచ్చిందో, ఏమీ తేలలేదు. నేను టైపు చేసిన గుర్తయితే లేదు.